8 డాలర్లు, 6 పళ్లేలు: స్లో కుక్కర్‌లో కీల్బాసా, క్యాబేజీ

మా ఇంట్లో నలుగురం ఉంటాం. అద్దె, కరెంటు, ఇంటర్నెట్ ఎలా పంచుకుంటామో వంట కూడా అలాగే వంతులవారీగా. శని, ఆదివారాలతో ఏ ఇబ్బందీ లేదు. పప్పు, వేపుడు, కోడికూర, ఎవరికి ఏది చేతనైతే అది వండుతారు. చిక్కంతా వారం మధ్యలోనే. ఒకడు ల్యాబ్ నుంచి ఏడున్నరకి వస్తాడు, ఇంకొకడు వేర్‌హౌస్ షిఫ్టు దిగి ఎనిమిదికి వస్తాడు. నేను డౌన్‌టౌన్‌లో బస్సెక్కి ఇల్లు చేరేసరికి చీకటి పడి చాలాసేపవుతుంది. ఆ వేళ ఉల్లిపాయ కోయడానికి ఎవరికీ ఓపిక ఉండదు. ఫోన్ తీసి బిర్యానీ ఆర్డరు పెడితే డెలివరీ, టిప్పు కలిపి మనిషికి 15 డాలర్ల పైనే. నెలాఖరున ఖర్చుల షీటు తెరిచి చూసుకుంటే, అద్దె తర్వాత మా జేబుల్ని ఖాళీ చేస్తున్నది ఈ వారం మధ్య రాత్రులేనని తేలింది.

ఆ రాత్రుల్ని గట్టెక్కించిన వంట ఇది. క్యాబేజీ, బంగాళాదుంపలు, కీల్బాసా అనే పొగబెట్టిన సాసేజ్. మూడూ స్లో కుక్కర్‌లో, అంటే తక్కువ వేడి మీద గంటల తరబడి వండే కరెంటు కుక్కర్‌లోని మట్టికుండలాంటి గిన్నెలో, పడేసి ఏడు గంటలు వదిలేయడమే అనుకుంటారు చాలామంది. పడేయడం కాదు. ఏది అడుగున ఉండాలి, ఏది పైన ఉండాలి, ఏది ఎప్పుడు పడాలి అన్న మూడు సంగతులు పట్టుకుంటే చవక సరుకులే చాలా రుచిగా వస్తాయి. అవి పట్టించుకోకపోతే ఎంత మంచి మాంసం వేసినా నీళ్లకూరే.

నాకిది నేర్పింది మా కింది పోర్షన్ పెద్దావిడ. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని మా క్లీవ్‌లాండ్‌లో పాత చెక్క ఇళ్లు చాలావరకు కింద ఒక కుటుంబం, పైన ఒక కుటుంబం ఉండేలా కట్టినవి. మాది ఓల్డ్ బ్రూక్లిన్ అనే పేటలో అలాంటి ఇల్లే. ఆవిడ తాతలు పోలండ్ నుంచి వచ్చి ఇక్కడి ఉక్కు మిల్లుల్లో పనిచేశారట. ఈ ఊళ్లో అలాంటి కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పోలండ్ జనం క్లీవ్‌లాండ్ రోలింగ్ మిల్లు చుట్టుపక్కల స్థిరపడ్డారు. వాళ్లు కట్టుకున్న సెయింట్ స్టానిస్లాస్ చర్చి ఇప్పటికీ స్లావిక్ విలేజ్ అనే పేటలో నిలబడి ఉంది. మిల్లులో పన్నెండు గంటలు పనిచేసి వచ్చే మనిషికి కడుపు నిండాలి, ఖర్చు తక్కువ కావాలి, చలికాలమంతా నిల్వ ఉండే సరుకు కావాలి. క్యాబేజీ, ఆలుగడ్డ, పొగబెట్టిన మాంసం ఆ మూడిటికీ సరిపోయాయి. మా నలుగురి అవసరం కూడా అచ్చంగా అదే.

ముందు కుక్కర్ సంగతి. కొత్తది కొనలేదు. పాత వస్తువులు అమ్మే థ్రిఫ్ట్ స్టోరులో 6 క్వార్టుల క్రాక్‌పాట్ బ్రాండు స్లో కుక్కర్ ఏడు డాలర్లకు దొరికింది. అంటే సుమారు ఐదున్నర లీటర్లు పడుతుంది, నలుగురికి చక్కగా సరిపోతుంది. ఒకే ఒక్క గుండ్రటి స్విచ్, దాని మీద లో (తక్కువ వేడి), హై (ఎక్కువ వేడి), వార్మ్ (వెచ్చగా ఉంచేది). పాతది కొనేవాళ్లు చూసుకోవాల్సినవి ఉన్నాయి. లోపలి గిన్నె బయటకు తీసి వెలుతురులో తిప్పి చూడాలి, గ్లేజు మీద పగుళ్లుంటే అక్కడే వదిలేయాలి. మూత ఆ గిన్నెదేనా, అంచు చుట్టూ సరిగ్గా కూర్చుంటోందా చూడాలి. తీగ ఎక్కడా చిట్లి ఉండకూడదు.

ఇంటికి తెచ్చాక కూడా వెంటనే వండలేదు. సగానికి పైగా నీళ్లు పోసి, మూతపెట్టి, లో మీద ఎనిమిది గంటలు ఉంచాను. తర్వాత మూత తీసీ తీయగానే థర్మామీటరు ముంచాను. 185 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాలి, అంటే 85 సెల్సియస్. దాటింది. ఇది ఎందుకంటే, 40 నుంచి 140 ఫారెన్‌హీట్ మధ్య సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి. కుక్కర్ ఆ మెట్టును త్వరగా దాటించలేకపోతే, ఆ తిండి గంటల తరబడి గోరువెచ్చగా కూర్చుంటుంది. చేతిలో వంట థర్మామీటరు లేకపోతే ముందు అది కొనండి. కుక్కర్ కన్నా అదే ముఖ్యమంటాను.

ఈ యంత్రం పుట్టుక గురించి తెలిశాక నాకు దాని మీద ఇష్టం పెరిగింది. ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయన దీనికి 1940లో పేటెంటు పొందాడు. వాళ్లమ్మ ఆయనకు విల్నియస్‌లోని తన పుట్టింటి ముచ్చట చెప్పేదట. యూదులు శనివారం పొయ్యి ముట్టించరు కాబట్టి, శుక్రవారం సాయంత్రమే చోలెంట్ అనే గింజల కూర కుండను ఊరి రొట్టెల కొట్టుకు పంపేవాళ్లు. ఆరిపోతున్న భట్టీలో మిగిలిన వేడికే అది రాత్రంతా మగ్గేది. ఆ కుండకు కరెంటు పెడితే వచ్చిందే ఇది. 1970లో రైవల్ అనే కంపెనీ నాక్సన్ వ్యాపారాన్ని కొనుక్కుని, 1971లో క్రాక్‌పాట్ అన్న పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. అది చదువుతుంటే నాకు తెనాలి దగ్గర మా అమ్మమ్మగారింట్లో దాలి గుర్తొచ్చింది. పిడకల సెగ మీద పాలకుండ పొద్దున పెడితే సాయంత్రానికి ఎర్రటి మీగడ కట్టేది. మంట కనిపించదు, పొంగడం ఉండదు, కాపలా అక్కర్లేదు. స్లో కుక్కర్ చేసేది అదే పని. అందుకే ప్రెషర్ కుక్కర్ అలవాటుతో దీని దగ్గరికి వస్తే కుదరదు. విజిల్ వచ్చే వంట వేరు, మగ్గే వంట వేరు.

ఇక సరుకులు. మొన్న చేసినప్పటి లెక్క ఇది. 14 ఔన్సుల కీల్బాసా, అంటే సుమారు 400 గ్రాములు, 3.79. క్యాబేజీ చిన్నది ఒకటి, రెండున్నర పౌండ్లు, 1.60. బంగాళాదుంపలు ఒకటిన్నర పౌండు, పెద్ద సంచీలోంచి తీసినవి కాబట్టి వంతుకు 1.20. ఉల్లిపాయలు రెండు 80 సెంట్లు. వెల్లుల్లి, చికెన్ బులియన్ బిళ్ల (నీళ్లలో కరిగిస్తే కోడి రసం రుచినిచ్చేది), మిరియాలు, బిర్యానీ ఆకు, ఆవాల మస్టర్డ్, ఆపిల్ వెనిగర్ అన్నీ కలిపి 60 సెంట్లు వేసుకోండి. మొత్తం 8 డాలర్లకు ఒక సెంటు తక్కువ. రాత్రికి నలుగురం తిన్నాక మర్నాటికి రెండు లంచ్ బాక్సులు నిండుతాయి. కరెంటు కూడా లెక్కేశాను. లో మీద ఈ సైజు కుక్కర్ 200 వాట్లు లాగుతుందనుకున్నా ఏడు గంటలకు ఒకటిన్నర యూనిట్ల లోపే. మా బిల్లు ప్రకారం పాతిక సెంట్లు దాటదు.

క్యాబేజీ కొనడానికి ఇక్కడ ఒక మంచి సమయముంది. మార్చి 17 సెయింట్ పాట్రిక్స్ డే. ఆ పండక్కి ఐరిష్ అమెరికన్లు కార్న్‌డ్ బీఫ్ అనే ఉప్పులో ఊరబెట్టిన మాంసం, క్యాబేజీ వండుకుంటారు. ఆ వారం స్టోర్లన్నీ క్యాబేజీని పోటీపడి చవగ్గా అమ్ముతాయి. చేతికి బరువుగా, ఆకులు బిగుతుగా ఉన్నవి రెండు మూడు తెచ్చుకుని, కోయకుండా, కడగకుండా ఫ్రిజ్ అడుగు అరలో పెట్టుకుంటే వారాలపాటు ఉంటాయి. పైన రెండు ఆకులు వాడిపోతే తీసేయడమే.

కీల్బాసా కొనేటప్పుడు మాత్రం తొందరపడొద్దు. మా ఇంట్లో ఒకడు పోర్కు ముట్టడు, నేను బీఫ్ తినను, ఇంకొకడు పూర్తి శాకాహారి. ప్యాకెట్ ముందువైపు 'పోల్స్కా కీల్బాసా' అని పెద్దక్షరాలతో ఉంటుంది. వెనక చిన్నక్షరాల్లో చూస్తే పోర్కు, బీఫు, టర్కీ మూడూ కలిపినవి చాలా కనిపిస్తాయి. అందుకని మేం టర్కీది తీసుకుంటాం. అక్కడితో అయిపోలేదు. టర్కీ సాసేజ్ కొన్నిటికి పైతొడుగు బీఫ్ కొలాజెన్‌తో చేస్తారు. ఆ మాట లేబుల్ మీద ఉంటుంది, వెతికి చదవాలి. పట్టింపులున్నవాళ్లు ప్యాకెట్ తిప్పి చివరి లైను దాకా చదవండి. ఇంకో సంగతి. పొగబెట్టిన కీల్బాసా చాలావరకు ముందే ఉడికి ఉంటుంది, మనం వేడి చేసుకుంటే చాలు. మాంసం కౌంటర్లో అమ్మే పచ్చి కీల్బాసా, బ్రాట్‌వుర్స్ట్ అనే జర్మన్ సాసేజ్ అలా కాదు. అవి పోర్కువైతే లోపల 160 ఫారెన్‌హీట్, కోడి, టర్కీవైతే 165 చేరాలి. రెండూ పక్కపక్కనే పెట్టి అమ్ముతారు, చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

వండే ముందురోజు రాత్రే కోతలన్నీ అయిపోవాలి. ఇందులో నాకు బాగా నచ్చే పని క్యాబేజీ కోయడం. మన కూరకు తరిగినట్టు సన్నగా తరిగితే ఇక్కడ పనికిరాదు. క్యాబేజీలో నూటికి తొంభై పాళ్లు నీరే. సన్నగా తరిగితే ఏడు గంటల్లో ఆ నీరంతా వదిలి, ఆకు పీచు పీచై, అడుగున పులుసు మిగులుతుంది. పెద్దావిడ ఎలా కోస్తుందంటే, కాడ అడుగున ఎండిన బిళ్ల మాత్రం తీసేసి, కాడను లోపలే ఉంచి, నిలువునా రెండు చేస్తుంది. ఒక్కో సగాన్ని మళ్లీ నిలువునా మూడు చెక్కలు. ప్రతి చెక్కకూ కాడ ముక్క ఒకటి అంటిపెట్టుకునే ఉంటుంది. ఆకులన్నిటినీ పట్టి ఉంచేది అదే. ఉడికాక గరిటెతో ఎత్తితే చెక్క చెక్కలాగే వస్తుంది. అంచులు మెత్తగా, కాడ దగ్గర కాస్త గట్టిగా, వెన్నలా కోసుకు తినొచ్చు.

వాసన విషయంలోనూ ఇదే కిటుకు పనిచేస్తుంది. క్యాబేజీ ఉడుకుతుంటే వచ్చే ఆ ఘాటు గంధకం ఉన్న పదార్థాలది. ఎంత ఎక్కువ కోస్తే అంత ఎక్కువ కణాలు చితుకుతాయి, ఎంత ఎక్కువసేపు ఉడికితే అంత వాసన. సేపు తగ్గించలేం కాబట్టి కోతలు తగ్గించాలి. వాసన బొత్తిగా రాదని చెప్పను. తలుపు తీయగానే తెలుస్తుంది. అయితే పొగ, మిరియాలు, ఉల్లి దాంతో కలిసి ఉంటాయి కాబట్టి ఆకలి పుట్టించే వాసనే.

బంగాళాదుంపల్లో ఎర్రతొక్కవి గాని, పసుపు కండవి గాని తీసుకోవాలి. రస్సెట్ అనే గోధుమరంగు పెద్దవి చిదుపలైపోతాయి. తొక్క తీయక్కర్లేదు, రుద్ది కడిగి రెండంగుళాల ముక్కలు చేస్తే సరి. కోసినవాటిని చల్లటి నీళ్లలో ముంచి ఫ్రిజ్‌లో పెడితే నల్లబడవు. ఉల్లిపాయలు అర్ధచంద్రాల్లా మందంగా. వెల్లుల్లి నాలుగు రెబ్బలు చితక్కొట్టి. ఎవరి డబ్బాలో వాటిని వేరువేరుగా ఫ్రిజ్‌లో సర్దాలి. కుక్కర్ గిన్నెలోనే అన్నీ నింపి ఫ్రిజ్‌లో పెట్టేస్తే పని తగ్గుతుందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. గిన్నె మంచులా చల్లబడి ఉంటే వేడెక్కడానికే గంటలు పడుతుంది, పైగా చల్లటి పింగాణీని వేడి దిమ్మెలో పెడితే చిట్లే ప్రమాదమూ ఉంది.

కీల్బాసాను ముందు పెనం మీద కాల్చాలి. ఈ ఒక్క పది నిమిషాల పని మానేస్తేనే చాలామంది స్లో కుక్కర్ వంటలు చప్పగా ఉంటాయి. స్లో కుక్కర్‌లో తేమ ఎటూ పోదు, కాబట్టి ఏదీ ఎర్రగా కాలదు. ఆ రుచి మనమే ముందుగా తెచ్చి లోపల పెట్టాలి. రెండంగుళాల ముక్కలు ఏటవాలుగా కోసి, ఇనప పెనం బాగా కాగాక కోతవైపు కిందికి పెట్టి కదపకుండా ఉంచుతాను. రెండు మూడు నిమిషాలకు అంచులు ముదురుగా, మధ్యలో బంగారు రంగు తిరుగుతాయి. తిప్పి రెండోవైపు. టర్కీలో కొవ్వు తక్కువ కాబట్టి ఒక చెంచాడు వెన్న వేయాలి, లేకపోతే పెనానికి కరుచుకుంటుంది. ముక్కలు తీసేశాక అదే పెనంలో ఉల్లిపాయలు వేసి అంచులు రంగు తేలేదాకా తిప్పి, ఒక కప్పు వేడినీళ్లలో కరిగించిన బులియన్ పోసి, అడుగున అంటుకున్న ఎర్రటి మడ్డినంతా చెక్క గరిటెతో గీకుతాను. రుచంతా ఆ మడ్డిలోనే ఉంది. ఆ నీళ్లు గోధుమరంగు తిరిగి, పెనం అడుగు నున్నగా బయటపడితే పని అయినట్టు. ఇది కూడా ముందు రాత్రే చేసి, వేడి తగ్గగానే వెడల్పాటి డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టొచ్చు.

గిన్నెలో సర్దే వరస ఇది. అడుగున, పక్కల వెంట బంగాళాదుంపలు. దుంపలు మాంసం కన్నా నెమ్మదిగా ఉడుకుతాయి, వేడి వచ్చేది గిన్నె అడుగు నుంచీ పక్కల నుంచీ. దాని మీద పెనంలోని ఉల్లి, నీళ్లు, వెల్లుల్లి, పది మిరియాలు దంచి, బిర్యానీ ఆకులు రెండు. ఆ పైన క్యాబేజీ చెక్కలు, కోతవైపు పైకి. అన్నిటికన్నా పైన కీల్బాసా, దాని కొవ్వు కరిగి చెక్కల మధ్యలోకి దిగేలా. గిన్నె నిండా కుక్కకూడదు. సగం నుంచి మూడింట రెండొంతుల దాకా నిండితే సరిగ్గా ఉడుకుతుంది. మొదట్లో క్యాబేజీ ఎత్తుగా నిలబడి మూత పడదేమో అనిపిస్తే ఒక చెక్క పక్కన పెట్టి మర్నాడు వేపుడు చేసుకోండి. ఒక కప్పు నీళ్లు చాలవనిపిస్తుంది. చాలతాయి. క్యాబేజీ తన నీళ్లు తానే తెచ్చుకుంటుంది.

ఉప్పు వేయొద్దు. కీల్బాసాలో, బులియన్‌లో ఉన్నదే చాలా ఎక్కువ. చివర్లో రుచి చూసుకున్నాక అవసరమైతే అప్పుడు. వెనిగర్ కూడా ముందు పడకూడదు. పులుపు తగిలిన దుంప మెత్తబడడానికి మొండికేస్తుంది. మన పులుసుకూరల్లో దుంప ఉడికాకే చింతపండు రసం పోస్తాం కదా, కారణం ఒకటే.

దీనికి కారవే గింజలు ఒక చెంచాడు వేయాలంటుంది పెద్దావిడ. చూడ్డానికి జీలకర్రలాగే ఉంటాయి, రుచి మాత్రం వేరు, కాస్త సోంపు వైపు మొగ్గుతుంది. ఆవిడ డబ్బాలోంచి చేతిలో పోసినవే మేం ఇంకా వాడుతున్నాం. మా నల్గొండ కుర్రాడు మొదటిసారి గిన్నెలోకి తొంగి చూసి, "అన్నా, ఇంత తెల్లగున్నదేంది? కొంచెం గరం మసాలా ఏస్తె ఏమైతది?" అన్నాడు. "ఈ ఒక్కపూటకి వెయ్యకుండా తిని చూడరా, నచ్చకపోతే రేపు నీ ఇష్టం" అన్నాను. తిన్నాడు. ఆ మర్నాడు మసాలా డబ్బా తీయలేదు. మసాలా వేస్తే తప్పని కాదు. ఆ పొగ రుచి చాలా నెమ్మదైనది, లవంగం, దాల్చినచెక్క పడితే అది కనిపించకుండా పోతుంది.

టైము సర్దుకోవడమే మా ఇంట్లో అసలు పని. పొద్దున్న ఏడున్నరకి నేను స్విచ్ వేసి వెళ్తే రాత్రి ఎనిమిదికి పన్నెండు గంటలు దాటిపోతుంది, అప్పటికి క్యాబేజీ గుజ్జే. టైమర్ ప్లగ్గు కొని మధ్యాహ్నం దానంతటదే వెలిగేలా పెడదామని ఒకడన్నాడు. వద్దన్నాను. అంతసేపు మాంసం ముక్కలు గది వేడిలో కూర్చోకూడదు. చివరికి దారి ఇలా దొరికింది. ల్యాబ్‌కు వెళ్లేవాడి క్లాసు మధ్యాహ్నం ఒంటిగంటకి. వాడు పన్నెండింటికి ఫ్రిజ్‌లోంచి డబ్బాలు తీసి, వరస ప్రకారం సర్ది, లో మీద పెట్టి వెళ్తాడు. వరస కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. ఏడింటికి ఏడు గంటలు పూర్తవుతాయి, మొదట వచ్చినవాడు వార్మ్ మీదకు తిప్పుతాడు. తొందరుంటే హై మీద మూడున్నర, నాలుగు గంటలు చాలు, కానీ లో మీద వచ్చే మెత్తదనం దానికి రాదు. ఎక్స్‌టెన్షన్ తీగ వాడకుండా నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టాలి. మధ్యలో మూత ఎత్తి చూడకూడదు. ఎత్తిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది.

వడ్డించే ముందు చేసే పని రెండు నిమిషాలది. గిన్నెలోంచి ఒక గరిటె వేడి రసం కప్పులోకి తీసి, అందులో ఆపిల్ వెనిగర్ ఒక పెద్ద చెంచా, గింజలున్న మస్టర్డ్ రెండు చెంచాలు కలిపి, క్యాబేజీ మీద అక్కడక్కడ పోస్తాను. దాంతో వంట ఒక్కసారిగా లేచి కూర్చుంటుంది. పొగ, తీపి, కొవ్వు మాత్రమే ఉన్నచోట పులుపూ ఘాటూ వచ్చి చేరతాయి. ఆవ ఘాటు పోలండ్ వాళ్లకూ కావాలి, మనకూ కావాలి. అందుకే మేం పక్కన ఆవకాయ పెట్టుకుంటాం. మస్టర్డ్ చేసే పనే ఆవకాయలోని ఆవపిండి ఇంకాస్త గట్టిగా చేస్తుంది. పెద్దావిడకు ఒక గిన్నెలో కొంచెం ఇచ్చాను, ఊట మాత్రం తీసుకుని దుంపకు రాసుకు తింది. మేం వేడన్నం మీద అడుగు రసం చారులా పోసుకుని, చెక్కలు నంజుకు తింటాం. దుంపలున్నాక అన్నం ఎందుకని ఎవరైనా అడగొచ్చు. అన్నం లేకపోతే భోంచేసినట్టు ఉండదు, అంతే.

శాకాహారి మిత్రుడి కోసం మొదట్లో చిన్న గిన్నెలో వేరే ఏదో వండేవాళ్లం. ఒక శుక్రవారం పెద్దావిడ పళ్లెంతో పైకి వచ్చింది. ఈస్టరుకు ముందు వచ్చే లెంట్ రోజుల్లో కాథలిక్కులు శుక్రవారం మాంసం తినరు, కాబట్టి ఆ రోజుల్లో వాళ్లింట్లో మాంసం లేని క్యాబేజీ వంట ఉంటుంది. హలుష్కీ అంటారు. వెన్నలో ఉల్లి, క్యాబేజీ బాగా వేగనిచ్చి, ఉడికించిన వెడల్పాటి నూడుల్స్ కలిపి, మిరియాల పొడి చల్లడం. నూడుల్స్‌లో గుడ్డు ఉంటుంది కాబట్టి అది తిననివాళ్లు మామూలు పాస్తా వేసుకోవచ్చు. ఆ రోజు నుంచి మావాడికి దారి దొరికింది. అదే క్యాబేజీ, అదే ఉల్లి వాడి వంతు పక్కకు తీసి, పొగ రుచి కోసం స్మోక్‌డ్ పాప్రికా అనే పొగబెట్టిన మిరప పొడి ఒక చెంచా వేసి విడిగా పెనంలో చేస్తాడు. ఒకసారి వాడే రాజ్మాను స్లో కుక్కర్‌లో వేద్దామన్నాడు. నానబెట్టిన రాజ్మాను నేరుగా అందులో వేయకూడదు. పచ్చి గింజలోని విషపదార్థం ఆ కొద్దిపాటి వేడికి పోదు, కడుపు పాడుచేస్తుంది. ముందు పొయ్యి మీద అరగంట గలగలా మరిగించి, ఆ నీళ్లు పారబోశాకే వాడాలి. డబ్బాలో దొరికేవైతే ఆ బెంగలేదు.

తిన్నాక మిగిలినదాన్ని వార్మ్ మీద రాత్రంతా వదలొద్దు. రెండు గంటల్లోపు లోతు తక్కువ డబ్బాల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాడు మళ్లీ స్లో కుక్కర్‌లో వేడి చేయకూడదు, అది చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది. మైక్రోవేవ్ గాని, పెనం గాని వాడాలి. వేడి గిన్నెను వెంటనే చన్నీళ్ల కింద పెట్టకుండా చల్లారాక కడగండి.

లంచ్ బాక్సుల్లోకి క్యాబేజీ కన్నా దుంపలు, కీల్బాసా ఎక్కువ సర్దుతాం, ఎందుకంటే మిగిలిన క్యాబేజీకి వేరే పనుంది. దాన్ని పిండి, కాస్త తరిగి, వెన్నలో ఎర్రబడేదాకా వేయించి, నూడుల్స్ కలిపితే శుక్రవారం వంట సగం అయిపోయినట్టే. అడుగున మిగిలే రసం ఒక సీసాలో పోసి ఫ్రీజర్లో పెడతాను. వచ్చే వారం బులియన్ బిళ్ల బదులు అదే.